స్టిల్ట్ పార్కింగ్ పిల్లర్లలో పగుళ్లు: విశాఖ జోన్ 2లోనే ఉంది కదా, భూకంపం గురించి ఎంతవరకు ఆలోచించాలి?

ఎంవీపీ_ఫ్లాట్‌ఓనర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో 2003లో కట్టిన అపార్ట్‌మెంట్. కింద మొత్తం పార్కింగ్, పైన 5 అంతస్తులు, 20 ఫ్లాట్లు. పిల్లర్లు 24, ఎక్కువ భాగం 9×18 అంగుళాలవి. సముద్రం కిలోమీటరు లోపే.

ప్రస్తుతం కనిపిస్తున్నవి ఇవి. పై ఫ్లాట్లలో గోడకీ బీముకీ మధ్య అడ్డంగా సన్న గీత. కొన్ని కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు. పార్కింగ్‌లో సముద్రం వైపు ఉన్న రెండు పిల్లర్లకు మూల వెంబడి నిలువుగా చీలిక, దాని చుట్టూ ఎర్రటి మరక, కొడితే గుల్ల శబ్దం.

కమిటీలో రెండు మాటలు నడుస్తున్నాయి. మేస్త్రిని పిలిచి సిమెంటు పూయించి రంగు వేసేద్దామని కొందరు అంటున్నారు. ఎలాగూ పని పెట్టాం కాబట్టి ఒక మూల పిల్లర్ల మధ్య గోడ కట్టి వాచ్‌మన్ గది, దాని పక్కన బైకుల కోసం నాలుగడుగుల అడ్డుగోడ కూడా వేద్దామని ఇంకొందరు. భూకంపం కోణంలో ఇందులో ఏది మంచిది, ఏది చెడ్డది? ఏ పరీక్షలు చేయించాలి?

స్ట్రక్చరల్_సీతమ్మధార

ముందు పార్కింగ్ సంగతి, తర్వాత ఫ్లాట్ల సంగతి చూడండి. చాలా అసోసియేషన్లు దీన్ని తలకిందులుగా చేస్తాయి. పైన గోడల గీతలకు పుట్టీ పెడతాయి, కింద పిల్లరు తుప్పును రంగుతో కప్పేస్తాయి.

గోడకీ బీముకీ మధ్య అడ్డగీత దాదాపు ప్రతి ఫ్రేమ్ బిల్డింగులో ఉంటుంది. గోడ కట్టేటప్పుడు ఆఖరి వరుస ఇటుకకూ బీముకూ మధ్య సందులో మాలు గట్టిగా కూరరు, తర్వాత అది కుంచించుకుపోతుంది. బరువు మోసేది పిల్లరూ బీమూ కాబట్టి ఈ గీత వల్ల బిల్డింగుకు ప్రమాదం లేదు. కానీ నాలుగున్నర అంగుళాల గోడ పైన ఏ పట్టూ లేకుండా నిలబడి ఉందని దానర్థం. గట్టి ఊపు వస్తే ఆ గోడ మంచం మీదకు పడుతుంది. సందును వి ఆకారంలో చెక్కి, కుంచించుకోని మాలు కూరి, పైన 8 అంగుళాల వెడల్పు కోడి వల కొట్టి ప్లాస్టరు చేస్తే చాలు.

కిటికీ మూలల ఏటవాలు పగుళ్లు ఎక్కువగా ఎండ వేడి వల్ల, లింటెల్ గోడ మీద సరిపడా ఆనకపోవడం వల్ల వస్తాయి. పెరుగుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు చివరలా ఆరల్‌డైట్‌తో అంటించి తేదీ రాయండి. మూడు నెలల్లో గాజు విరిగితే కదలిక ఉన్నట్టు. ప్లాస్టరు మీద కాదు, గీకి ఇటుక మీదే అంటించాలి.

భూకంపం పెట్టే పగులు వేరుగా ఉంటుంది. ఊపు రెండు వైపులా వస్తుంది కాబట్టి పిల్లరుకీ పిల్లరుకీ మధ్య గోడ మీద ఇంటూ గుర్తులా రెండు ఏటవాలు గీతలు పడతాయి. ఒకే దిక్కుకు మెట్లుమెట్లుగా, పైకి పోయే కొద్దీ వెడల్పవుతుంటే పునాది కుంగుతోందని అనుమానించాలి. పిల్లరులో అయితే భూకంప దెబ్బ పైనా కిందా చివర్లలో అడ్డగీతలుగానో, మధ్యలో ఏటవాలుగానో కనిపిస్తుంది.

మీరు చెప్పిన నిలువు చీలిక, ఎర్ర మరక, గుల్ల శబ్దం మాత్రం తుప్పే. ఊచ తుప్పు పడితే దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఊచను కప్పి ఉండే కవరు కాంక్రీటు చీలుతుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపల పని ఆగదు, కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

బిల్డర్_మధురవాడ

కమిటీని మరీ భయపెట్టొద్దండి. భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893 (2016) ప్రకారం విశాఖ జోన్ 2, అంటే మ్యాపులో అన్నిటికన్నా తక్కువ. విజయవాడ జోన్ 3. మన నేల చాలా చోట్ల ఎర్రమట్టి, కింద ఖోండలైట్ రాయి. తుప్పు బాగు చేసుకోవాలి, నిజమే. కానీ భూకంపం పేరుతో 24 పిల్లర్లకూ జాకెట్లు (పిల్లరు చుట్టూ కొత్త ఊచలు, కాంక్రీటు పొర) వేయమంటే 20 ఫ్లాట్ల వాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? అదే డబ్బుతో టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, పైపులైన్లు మార్చుకుంటే బిల్డింగు ఆయుష్షు పెరుగుతుంది.

స్ట్రక్చరల్_సీతమ్మధార

ఖర్చు గురించి మీరన్నది కాదనను. కానీ జోన్ 2 అన్న మాట మీద అంత బరువు పెట్టకూడదు. 1993 సెప్టెంబర్ 30న లాతూరు భూకంపం వచ్చే నాటికి ఆ ప్రాంతం జోన్ 1లో ఉండేది. తీవ్రత 6.2, పోయిన ప్రాణాలు వేలల్లో. ఆ తర్వాతే, 2002 కోడ్‌లో జోన్ 1ని తీసేసి జోన్ 2లో కలిపారు. మన దగ్గర చూసుకున్నా 1969లో భద్రాచలం వైపు 5.7, 2014 మేలో బంగాళాఖాతంలో 6.0 వచ్చాయి. రెండోది విశాఖలో చాలామందికి తెలిసింది కూడా.

అసలు గుర్తుంచుకోవాల్సింది అహ్మదాబాద్. 2001 జనవరి 26న భుజ్ భూకంప కేంద్రం అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా నగరంలో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు కింద గోడల్లేని పార్కింగ్, పైన గోడలతో నిండిన అంతస్తులు ఉన్నవే. పై అంతస్తులు గోడల వల్ల పెట్టెలా బిగిసి ఒక్కటిగా కదులుతాయి. వంగాల్సిందంతా కింది పిల్లర్లే వంగుతాయి. పైన పగులు లేని ఫ్లాటు మొత్తంగా కిందికి కూర్చుండిపోవడం అందుకే.

మీ బిల్డింగుకే చిన్న లెక్క చూద్దాం. అంతస్తుకు 4,000 చదరపు అడుగులు అనుకుంటే, 5 అంతస్తులూ కలిపి బరువు ఉజ్జాయింపుగా 2,200 టన్నులు. జోన్ 2కు 0.10, కోడ్ ఇందులో సగమే తీసుకుంటుంది. పొట్టి బిల్డింగు కాబట్టి ఊగే గుణకం 2.5తో హెచ్చించాలి. మామూలు ఫ్రేముకు ఆర్ విలువ (వంగి ఊపును తట్టుకునే గుణానికి ఇచ్చే అంకె) 3తో భాగించాలి. అన్నీ వేస్తే బరువులో 4.2 శాతం, అంటే 92 టన్నులు అడ్డంగా తోస్తుంది. 2002 కోడ్ ప్రకారం పార్కింగ్ అంతస్తు పిల్లర్లను దీనికి రెండున్నర రెట్లకు డిజైన్ చేయాలి, అంటే 230 టన్నులు. 24 పిల్లర్లకు పంచితే తలా తొమ్మిదిన్నర టన్నులు. 2003 నాటి మన బిల్డింగుల్లో ఎన్ని డ్రాయింగుల్లో ఈ రెండున్నర రెట్లు లెక్కేశారో, పాత డ్రాయింగు దొరికితే మొట్టమొదట అదే చూడండి. 2016 కోడ్ ఇంకా ముందుకెళ్లి, ఇలాంటి అంతస్తుకు అడ్డ తోపును ఆపే కాంక్రీటు షియర్ గోడలో, ఏటవాలు బ్రేసింగో ఇచ్చి బలాన్నీ బిగువునూ పెంచమంటుంది.

ఇంకో చిక్కు. పిల్లరు విరగకుండా వంగేలా చేసే రింగుల (నిలువు ఊచల చుట్టూ కట్టే సన్న ఊచల) నియమాలు ఐఎస్ 13920లో ఉంటాయి. అప్పట్లో అది జోన్ 3, 4, 5లకే తప్పనిసరి, జోన్ 2లో ఐచ్ఛికం. అందుకే ఇక్కడి పాత బిల్డింగుల్లో రింగు కొసను 90 డిగ్రీలకే మడిచి వదిలేయడం, 8 అంగుళాల ఎడంతో పైనుంచి కిందదాకా ఒకేలా కట్టడం మామూలు. కవరు రాలగానే ఆ కొస విప్పుకుంటుంది. రింగు విడిపోతే నిలువు ఊచ బయటికి ఉబ్బుతుంది, ఆ తర్వాత పిల్లరులో మిగిలేది రాళ్లే. 135 డిగ్రీల కొస కాంక్రీటు గుండెలోకి గుచ్చుకుని ఉంటుంది కాబట్టి విప్పుకోదు. దీనికి తోడు సముద్రపు గాలికి ముందు తినేసేది కూడా రింగునే, ఎందుకంటే అది బయటి వైపు ఉంటుంది, సన్నగా ఉంటుంది. తుప్పు, భూకంపం రెండు వేర్వేరు పద్దులు కావని చెప్పడానికే ఇదంతా.

ఎన్‌డీటీ_ల్యాబ్‌వాలా

పరీక్షల గురించి. వరస ముఖ్యం, లేకపోతే రిపోర్టు మందంగా వస్తుంది, పనికి రాదు.

మొదట సుత్తి. ప్రతి పిల్లరునూ కింద నుంచి పైదాకా నాలుగు వైపులా తట్టి, గుల్ల శబ్దం వచ్చిన చోట సుద్దతో గీయండి. ఇది అసోసియేషన్ వాళ్లే ఒక ఆదివారం చేసుకోవచ్చు.

తర్వాత కవర్ మీటరు. రింగుల ఎడం ఎంత, కవరు ఎంత అన్నది పగలగొట్టకుండా తెలుస్తుంది. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 తీరప్రాంతంలో బయట ఉండే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్ల కవరు, కనీసం ఎం30 గ్రేడు అడుగుతుంది. పాత పిల్లర్లలో 20, 25 కనబడటం సాధారణం.

కాంక్రీటు గట్టిదనం చూపే రీబౌండ్ హ్యామర్‌ను ప్లాస్టరు మీద కొట్టి రీడింగు రాసుకుపోయే వాళ్లుంటారు. ఆ రీడింగు ప్లాస్టరుది. ప్లాస్టరు తీసి, కాంక్రీటును రాయితో రుద్ది కొట్టాలి. కార్బొనేషన్ అయిన (గాలిలోని కార్బన్ డయాక్సైడు చేరి క్షారత తగ్గిన) పాత కాంక్రీటు పైపొర గట్టిపడి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, ఒక్క హ్యామరును నమ్మి గ్రేడు చెప్పకూడదు. అల్ట్రాసోనిక్ వేగం ఎదురెదురు ముఖాల నుంచి తీస్తే సెకనుకు 3.5 కిలోమీటర్లు దాటితే బాగున్నట్టు, తక్కువ వస్తే అనుమానించాలి.

కోర్ (పిల్లరులోంచి డ్రిల్లుతో కోసే గుండ్రటి కాంక్రీటు ముక్క) తీయడం ఆఖరికి. కవర్ మీటరుతో ఊచలు గుర్తించి వాటి మధ్య నుంచి తీయాలి, 20 మిల్లీమీటర్ల కంకరకు కోర్ వ్యాసం 60 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. కనీసం మూడు. సగటు, ఉండాల్సిన బలంలో 85 శాతం కన్నా తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతం లోపు ఉండకూడదు. తీసిన రంధ్రాన్ని అదే రోజు నాన్‌ష్రింక్ గ్రౌటుతో నింపించండి, చాలా చోట్ల వదిలేసి వెళ్లిపోతారు.

కొత్తగా విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ చల్లండి. గులాబీ రంగు వస్తే క్షారత ఉన్నట్టు, రాని లోతు దాకా కార్బొనేషన్ చేరినట్టు. సముద్రం దగ్గర ఇది సరిపోదు. గులాబీ రంగు వచ్చినా క్లోరైడు (సముద్రపు ఉప్పు) ఎక్కువుంటే తుప్పు పడుతుంది. డ్రిల్ పొడిని వేర్వేరు లోతుల్లో తీసి క్లోరైడు పరీక్ష చేయించండి. ఘనపు మీటరుకు 0.6 కిలోలు ఐఎస్ 456 పెట్టిన హద్దు. ఊచ తుప్పును కరెంటు వోల్టేజీతో అంచనా వేసే హాఫ్‌సెల్ రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందని 90 శాతం పైగా నమ్మొచ్చు.

ఒక్క చోటు మాత్రం కంటితోనే చూడండి. పిల్లరు పైన, బీముకు సరిగ్గా కింద రెండు మూడు అంగుళాలు. పిల్లరును బీము అడుగు దాకా పోయకుండా ఆపి, మిగిలిన సందును తర్వాత స్లాబుతోనో, చేతి మాలుతోనో నింపుతారు. అక్కడ తేనెపట్టులా గుల్లగా ఉంటుంది. భూకంపంలో పిల్లరు మీద వంపు ఎక్కువగా పడేది సరిగ్గా అక్కడే.

ఎంవీపీ_ఫ్లాట్‌ఓనర్

చాలా ఉపయోగం అండి. రెండు సందేహాలు. పాడైన ఆ రెండు పిల్లర్లకే జాకెట్ వేస్తే సరిపోతుందా? వాచ్‌మన్ గది, అడ్డుగోడ సంగతి ఎవరూ చెప్పలేదు.

రిట్రోఫిట్_ఉత్తరాంధ్ర

అడ్డుగోడ వద్దే వద్దు. పిల్లరు 9 అడుగులు ఉందనుకోండి. 4 అడుగుల గోడ రెండు వైపులా బిగించి కడితే వంగడానికి మిగిలేది 5 అడుగులే. పిల్లరు బిగువు ఎత్తు ఘనానికి విలోమంగా ఉంటుంది, కాబట్టి అది పక్క పిల్లర్ల కన్నా దాదాపు ఆరు రెట్లు బిగుసుకుంటుంది. బిగుసున్నది ఎక్కువ తోపును లాక్కుంటుంది, మధ్యలో ఏటవాలుగా తెగుతుంది. బైకులకు ఇనుప పైపు రైలింగు పెట్టుకోండి. గోడే కావాలంటే పిల్లరుకు రెండు వైపులా అంగుళం సందు వదిలి థర్మోకోల్ పెట్టి కట్టండి, గోడకు దాని సొంత చిన్న పిల్లర్లు ఇవ్వండి.

వాచ్‌మన్ గది ఒక్క మూలే కడితే బిల్డింగు ఆ మూల చుట్టూ మెలి తిరుగుతుంది, ఎదుటి మూల పిల్లర్లకు దెబ్బ. తేలిక షీట్లతో గది చేయించండి.

ఇప్పుడు జాకెట్. రిపేరు వేరు, బలపరచడం వేరు. ఆ రెండు పిల్లర్లకు ఇప్పుడే కావాల్సింది రిపేరు, దాన్ని ఆ రెంటికే చేయొచ్చు. ముందు పిల్లరుకు ఆనుకున్న బీముల కింద ఇనుప జాకీలు, కింద చెక్క పలకలు వేసి బరువు తప్పించాలి. చెడిన కాంక్రీటును ఊచ ముందు భాగమే కాదు, ఊచ వెనక 20 మిల్లీమీటర్ల దాకా చెక్కాలి. అది చేయకపోతే మొత్తం పని వృథా. తుప్పును వైర్ బ్రష్‌తోనో శాండ్ బ్లాస్టింగుతోనో తెల్లగా తేల్చి, మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పోవాలి. ఊచ వ్యాసం 10 శాతం దాటి సన్నబడితే పక్కన కొత్త ఊచ వేసి చాలినంత ల్యాపు ఇవ్వాలి. జింక్ ప్రైమరు, బాండింగ్ కోటు, తర్వాత పాలిమర్ మాలు పొరలు పొరలుగా. లోతు 50 మిల్లీమీటర్లు దాటితే సెంట్రింగ్ కట్టి మైక్రో కాంక్రీటు పోయాలి. ఉప్పు ఎక్కువ ఎక్కిన పిల్లరులో ప్యాచ్ చుట్టూ మళ్లీ తుప్పు రేగడం తరచూ జరుగుతుంది, కొత్త మాలు పక్కనున్న పాత కాంక్రీటులో క్లోరైడు అలాగే ఉంటుంది కాబట్టి. అందుకే క్లోరైడు రిపోర్టు చూశాకే ఎంత దూరం చెక్కాలో నిర్ణయించండి.

బలపరిచే జాకెట్ మాత్రం రెండు పిల్లర్లకే వేయకూడదు. అవి లావెక్కి బిగుసుకుంటాయి, పైన చెప్పిన మెలిక సమస్యే వస్తుంది. అన్నిటికీ, లేదా రెండు దిక్కుల్లోనూ సరిసమంగా ఎంచుకున్న వాటికి వేయాలి. పాత బిల్డింగులను బలపరిచే కోడ్ ఐఎస్ 15988 ప్రకారం జాకెట్ కనీసం 100 మిల్లీమీటర్ల మందం, పాత కాంక్రీటు కన్నా 5 మెగాపాస్కల్స్ బలమైన కాంక్రీటు, రింగులు 8 మిల్లీమీటర్లకు తగ్గకుండా. పైనా కిందా పిల్లరు ఎత్తులో పావు వంతు దాకా రింగు ఎడం 100 మిల్లీమీటర్లు దాటకూడదు, మధ్యలో 200. మీ 9×18 పిల్లరు 17×26 అవుతుంది. కారు తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే టేపు పెట్టి చూసుకోండి. చాలా అసోసియేషన్లలో పని సగంలో ఆగేది ఇక్కడే.

జాకెట్ పని చెడేది మూడు చోట్ల. పార్కింగ్ టైల్స్ మీద నుంచి మొదలుపెట్టేస్తారు. నేల తవ్వి ఫుటింగు (పిల్లరు కింది పునాది దిమ్మ) దాకా వెళ్లి, కొత్త ఊచల్ని అందులో డ్రిల్ చేసి ఎపాక్సీతో పాతాలి. పైన స్లాబు కింద ఆపేస్తారు. ఊచలు స్లాబుకు రంధ్రాలు చేసి పైకి పోవాలి, అలా పోకపోతే జాకెట్ బరువు మోస్తుంది కానీ ఊపును ఆపదు. మూడోది నీళ్లు. తీరం దగ్గర బోరు నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటితే కాంక్రీటు కలపడానికి పనికిరాదు, క్యూరింగుకు కూడా వాడొద్దు. ట్యాంకరు తెప్పించండి. పక్కపక్క పిల్లర్లను ఒకేసారి విప్పొద్దు.

బిల్డర్ గారు అడిగిన ఖర్చుకు ఒక దారి ఉంది. 24కీ జాకెట్ల బదులు, ప్రహరీ వైపు కార్లకు అడ్డం రాని నాలుగైదు చోట్ల రెండు దిక్కుల్లోనూ సమంగా పిల్లర్ల మధ్య కాంక్రీటు గోడలు పునాది నుంచి లేపితే చాలాసార్లు తక్కువలో అవుతుంది. ఆ గోడల కింద ఫుటింగు చాలుతుందో లేదో డిజైనరే చెప్పాలి.

బిల్డర్_మధురవాడ

సమంగా నాలుగైదు గోడలు అన్నది ఒప్పుకోదగ్గ మాట. పైన పొట్టి పిల్లరు గురించి చెప్పారు కాబట్టి మా వైపు వాళ్ల కోసం ఒక ముక్క. మధురవాడ, ఆరిలోవ, హనుమంతవాక వాలుల్లో కట్టిన వాటిలో కొండ వైపు పిల్లరు 5 అడుగులు, రోడ్డు వైపు 10 అడుగులు ఉంటాయి. అదే లెక్కన కొండ వైపుది ఎనిమిది రెట్లు బిగుసుగా ఉంటుంది. బలపరిచేటప్పుడు పొడుగ్గా కనిపించే పిల్లర్ల మీదే అందరి చూపూ పడుతుంది, తెగేది పొట్టివి. వెనక రిటైనింగ్ వాల్ రంధ్రాల్లోంచి వానాకాలంలో నీళ్లు వస్తున్నాయో లేదో కూడా చూడండి. మూసుకుపోతే గోడ వెనక నీటి ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, చిన్న ఊపుకే గోడ జారుతుంది.

వన్‌టౌన్_పాతఇళ్లు

కోట వీధి, పాత పోస్టాఫీసు, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఉన్న పాత మద్రాస్ టెర్రస్ (దూలాల మీద ఇటుక, సున్నం కప్పు) ఇళ్ల వాళ్లకు: మీ ఇళ్లకు పై లెక్కలు వర్తించవు. సున్నపు గోడ మీద టేకు దూలాలు ఊరికే ఆని ఉంటాయి. గోడ బయటికి వాలితే దూలం కొస జారి కప్పు పడుతుంది. చేయాల్సింది దూలాల కొసల్ని ఇనుప పట్టీలతో గోడకు బిగించడం, ఎదురెదురు గోడల్ని టై రాడ్లతో కలపడం, లింటెల్ ఎత్తున చుట్టూ లోపలా బయటా వెల్డ్ మెష్ వేసి 1:3 మాలుతో పట్టీలా ప్లాస్టరు చేయడం. పాత కప్పు తీసి 5 అంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే చదరపు మీటరుకు 300 కిలోల పైన బరువు ఆ సున్నపు గోడల మీద పడుతుంది. భూకంపపు తోపు బరువును బట్టే పెరుగుతుంది.

వీధుల్లో ఎక్కువమందికి తగిలేది పైనుంచి పడేవే. నాలుగున్నర అంగుళాల మందంలో మూడడుగులు లేపిన పిట్టగోడ, సన్‌షేడ్ మీద పూలకుండీలు, హోర్డింగులు, ద్వారకానగర్, సిరిపురం వైపు అద్దాల ముఖాలు. పిట్టగోడకు ప్రతి పదడుగులకు స్లాబులోంచి లేచిన చిన్న కాంక్రీటు పిల్లరు, పైన కోపింగ్ బీము ఉండాలి.

ఎంవీపీ_ఫ్లాట్‌ఓనర్

టెర్రస్ మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు ఆరు ఉన్నాయి, ఇటుక దిమ్మల మీద. ఊపు వస్తే ముందు ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్తే నోటీసు బోర్డులో పెడతాం.

స్ట్రక్చరల్_సీతమ్మధార

ఒక్కో ట్యాంకు నిండితే టన్ను. ఇటుక దిమ్మలు తీసేసి, స్లాబు మధ్యలో కాకుండా బీముల మీద కూర్చునేలా ఇనుప స్టాండ్ వేయించి, స్టాండును బీముకు యాంకర్ బోల్టులతో, ట్యాంకును స్టాండుకు పట్టీలతో బిగించండి. ట్యాంకు నుంచి దిగే పైపుకు ఒక అడుగు మెత్తటి గొట్టం జాయింటు పెడితే పైపు విరగదు.

నోటీసుకు ఇవి రాయండి. ఊగుతున్నంతసేపు గట్టి బల్ల కింద, తల కాపాడుకుంటూ ఉండాలి. అద్దాలకు, బాల్కనీకి దూరంగా. లిఫ్టు ఎక్కకూడదు, ఊగేటప్పుడు మెట్ల వైపు పరిగెత్తకూడదు. ఆగాక గ్యాస్ రెగ్యులేటరు, మెయిన్ స్విచ్ ఆపి దిగాలి. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చునూ వేయొద్దు, తీయొద్దు. పార్కింగ్‌లో నిలబడకూడదు, కారు తీయడానికి ఆగకూడదు, బిల్డింగు ఎత్తంత దూరం జరగాలి. కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఉండకూడదు. ఎవరైనా చిక్కుకుంటే 112.

లోపలికి తిరిగి వెళ్లే ముందు బయటి నుంచే చూడాలి. బిల్డింగు ఒరిగిందా, పార్కింగ్ పిల్లర్ల చివర్లలో కవరు రాలిందా, ఊచ ఉబ్బిందా, పిల్లరులో ఏటవాలు పగులు ఉందా? వీటిలో ఒక్కటి ఉన్నా సామాన్ల కోసం కూడా ఎవరూ లోపలికి పోకూడదు. తర్వాతి ప్రకంపనలు మొదటి దానికన్నా చిన్నవైనా దెబ్బతిన్న పిల్లరుకు అవి చాలు. తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తున్నాయంటే ఫ్రేము మెలి తిరిగిందని అనుమానించండి. పిల్లర్లు బాగుండి గోడలకు మాత్రం సన్న పగుళ్లు ఉంటే, ఇంజనీరు చూసేదాకా ఆ గోడ పక్కన పడుకోకుండా మిగతా గదులు వాడుకోవచ్చు.

పిల్లర్ల నంబర్లు ఇప్పుడే పెయింటుతో రాయించి, ఒక్కో పిల్లరుకు నాలుగు వైపులా ఫోటోలు తీసి తేదీతో దాచండి. రేపు ఊపు వచ్చాక ఏది పాత పగులు, ఏది కొత్తది అని వచ్చిన ఇంజనీరుకు పది నిమిషాల్లో తేలుతుంది.